లోపలికి వెళ్ళకూడదు

తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నాకు మూడు నాలుగు సెకన్లు దొరుకుతాయి. రియా "ట్రిక్ ఆర్ ట్రీట్" అని అరిచి బకెట్ ముందుకు చాపుతుంది, ఎవరో వంగి అందులో చాక్లెట్ వేస్తారు, రియా "థాంక్యూ" అంటుంది, అంతే, తలుపు మూసుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో నేను రియా తల మీదుగా లోపలికి తొంగిచూస్తాను. తప్పే. కానీ ఏం చేయను, ఈ పార్సిప్పనీకి వచ్చి ఏడు నెలలైంది, ఇప్పటిదాకా ఒక్క అమెరికావాళ్ళ ఇల్లయినా లోపల ఎలా ఉంటుందో చూసిన పాపాన పోలేదు. మా అపార్ట్‌మెంట్లలో తలుపులన్నీ ఒకే గోధుమరంగు, అన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయి, పొరపాటున ఒకటి తెరుచుకుంటే అందులోంచి వచ్చేది కూడా ఇంగువ వాసనే. ఇవాళ రోడ్డు దాటి ఈ సొంత ఇళ్ళ వీధిలోకి వచ్చాం. ఏడాదిలో ఇవాళ ఒక్కరోజే, పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్లు అడిగే ఈ దయ్యాల పండగ రోజే, ఈ తలుపులు తట్టగానే తెరుచుకుంటాయట. మొదటి ఇంట్లో మెట్ల పక్క గోడంతా ఫొటోలు, అన్నింటిలోనూ ఒకటే కుక్క. రెండో ఇంట్లో ఒక పెద్దాయన తెల్లటి తివాచీ మీద బూట్లతోనే నడుచుకుంటూ వచ్చాడు, నాకు ఒళ్ళు జలదరించింది. మూడో ఇంట్లోంచి దాల్చినచెక్క వాసన, ఏం వండుతున్నారు, బిర్యానీ కాకుండా దాల్చినచెక్క ఇంకెందులో వేస్తారు, అడిగితే చెబుతారా, అసలు అడగొచ్చా, ఇంతలో తలుపు వేసేశారు.

"ఆంటీ, నువ్వు ఎందుకు లోపల అలా లుక్ చేస్తున్నావ్?" అంది రియా.

"లోపల ఏముందో అని."

"ఇట్స్ రూడ్."

"అవునా? సరే, ఇంక చూడను" అన్నాను. నాలుగో ఇంట్లోకీ చూశాను. చేపల తొట్టి ఉంది, నీళ్ళు లేవు, అందులో పుస్తకాలు పెట్టుకున్నారు.

రియాకి అయిదేళ్ళు. మా పై అంతస్తులో ఉండే రష్మి అక్క కూతురు. ఇవాళ మిణుగురు పురుగు వేషం, నల్లటి రెక్కలు, నడుం వెనక బ్యాటరీతో వెలిగి ఆరే పచ్చటి లైటు, ఆ ఆలోచన కూడా రష్మి అక్కదే, చీకట్లో కారు నడిపేవాడికి పిల్ల కనబడాలి కదా అని. అక్కకి ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్, కదలడానికి లేదు. వాళ్ళాయన రఘు గారు జెర్సీ సిటీ నుంచి వచ్చేసరికి ఏడున్నర. "పూజితా, ఒక్క గంట నువ్వు తీసుకెళ్తావా?" అని మెట్ల మీద నిలబడి అడిగింది. అడిగాక ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది, బిడ్డను చేతికిచ్చేముందు మనిషిని తూచుకునే చూపు అది. రియాని ఇంతవరకూ ఎవరితోనూ పంపలేదు ఆవిడ. నాకూ ఈ దేశంలో ఎవరైనా నమ్మి అప్పగించిన మొదటి పని ఇదే. నా వీసాకి ఉద్యోగం చేసే వీల్లేదు, మా ఆయన హర్షవర్ధన్ పొద్దున్నే క్లయింట్ ఆఫీసుకి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. అందుకని ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. నిన్న వాట్సాప్‌లో జాగ్రత్తలన్నీ పంపింది. మాస్కు వద్దు, కళ్ళకి అడ్డం, ముఖానికి రంగు చాలు. బయట లైటు వెలుగుతున్న ఇళ్ళకే వెళ్ళండి. ఆగి ఉన్న కార్ల మధ్యలోంచి రోడ్డు మీదికి రావద్దు. ఇంటికొచ్చి నేను ఒక్కొక్కటీ చూసేదాకా ఏదీ నోట్లో పెట్టనివ్వకు. ఆఖర్న మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి, ఎవరు పిలిచినా, ఎంత మంచివాళ్ళలా కనబడినా ఎవరింట్లోకీ వెళ్ళకూడదు. నేను అదంతా బట్టీపట్టి దారిలో రియాకి ఒప్పజెప్పాను. తను మధ్యలో రెండుచోట్ల నన్ను సరిదిద్దింది.

ఇంట్లోకి వెళ్ళకూడదన్నది మాత్రం నాకు వింతగానే ఉంది. హన్మకొండలో దసరా సాయంత్రం మేం పిల్లలం గుప్పెట్లో జమ్మి ఆకులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం, ఆ ఆకునే బంగారం అనేవాళ్ళం, పెద్దవాళ్ళ చేతిలో బంగారం పెట్టి కాళ్ళకి దండం పెడితే దీవించి ఏదో ఒకటి తినడానికి పెట్టేవాళ్ళు. గుమ్మం దగ్గరే ఆగిపోతే వాళ్ళకి ఎంత కోపమో, లోపలికి రావా, మేమేమన్న పరాయోళ్ళమా అని. అందుకని ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి పక్కింటికి. ఆ వీధిలో ఎవరి బీరువా ఏ గదిలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. మమ్మల్ని ఎవరైనా లెక్కపెట్టారా, ఎంతమంది వెళ్ళారు, ఎంతమంది తిరిగొచ్చారు అని? ఎవరూ లెక్కపెట్టలేదు. ఏమీ కాలేదు కూడా. కాలేదనే అనుకుంటున్నాను. నా పక్క బెంచీ అమ్మాయి ఒకతె ఒక్క ఇంటికి మాత్రం వచ్చేది కాదు, గేటు బయటే నిలబడి చెప్పు కొసతో మట్టి గీకుతూ ఉండేది, రావేమే అంటే ఏం లేదు, మీరు పొండి అనేది. మేం పోయేవాళ్ళం. ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కడో పార్సిప్పనీలో నడుస్తుంటే, ఎందుకు రాలేదు ఆ పిల్ల అని ఇప్పుడా నాకు అనుమానం రావడం? అప్పుడు ఎవరం ఎందుకు అడగలేదు? ఏ ఇల్లది? గేటు నీలం రంగు, అంతవరకే గుర్తుంది.

అక్టోబర్ ఆఖరుకి స్వెటర్లు వేసుకోవాలని భయపెట్టారు గానీ ఇవాళ వేసవిలా ఉంది, పిల్లలంతా కోట్లు లేకుండా వేషాలు బాగా కనబడేలా తిరుగుతున్నారు. వానల్లేక ఎండిపోయిన ఆకులు కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఇళ్ళ ముందు గడ్డిలో అట్టముక్కల సమాధులు, వాటి మీద వేళాకోళం పేర్లు, ఒకచోట ఎముకలగూడు కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతోంది. పొద్దున వీడియోలో ఇదంతా చూపిస్తే మా అమ్మ నోరు నొక్కుకుంది, లక్ష్మీదేవి వచ్చే రోజున వాకిట్లో గోరీలేందే, ఆమె ఇటు చూసి అటు నుంచి అటే పోదా అని. దీపావళీ, ఈ దయ్యాల పండగా ఈసారి ఒకేరోజు పడ్డాయి మరి. ఇంకో ఇంటి ముందు ఎవరూ లేరు, స్టూలు మీద గిన్నె నిండా చాక్లెట్లు, ఒక్కొక్కరూ ఒక్కటే తీసుకోండి అని కాగితం. నేను పక్కన చెట్టు దగ్గర నిలబడి చూశాను, ఎంతమంది రెండేసి తీస్తారో అని. ఆరుగురు పిల్లలు వచ్చారు, ఆరు తీశారు. ఏడోవాడు డైనోసార్, పిడికిలి నిండా తీశాడు. నా మనసు కుదుటపడింది.

ఆరు కావస్తోంది. వెలుతురు పలచబడింది, వీధి దీపాలు ఇంకా పూర్తిగా రాజుకోలేదు, రియా లైటు ఇప్పుడిప్పుడే పనికొస్తోంది. వీధి మలుపు దగ్గర ఒక ఇంటి ముందు మాత్రం అందరిలా గుమ్మడికాయలు లేవు. సిమెంటు మెట్ల మీద వరసగా ప్రమిదలు. నిజమైన ప్రమిదలు, నూనె పోసి వత్తి వేసినవి. తలుపుకి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, కింద పిండి ముగ్గు. నా కాళ్ళు వాటంతట అవే అటు తిరిగాయి. తలుపు తెరిచినావిడకి అరవై ఉంటాయి, గద్వాల చీర, చేతిలో చాక్లెట్ల సంచి, రియాని చూసి "ఇదేం వేషం తల్లీ, జోరీగా?" అంది. "ఐ యామ్ ఎ ఫైర్‌ఫ్లై" అంది రియా, చిన్నబుచ్చుకుని. "మిణుగురు ఆంటీ" అన్నాను నేను. ఆవిడ గబుక్కున తలెత్తి నన్ను చూసింది, నా మెడలో నల్లపూసలు చూసింది, ఉత్త నుదురు చూసింది.

"తెలుగువాళ్ళా! రామ్మా, రా లోపలికి. లక్ష్మీపూజ ఇప్పుడే అయ్యింది, ముత్తైదువ్వి గుమ్మంలోకొచ్చి బొట్టు పెట్టించుకోకుండా వెళ్ళిపోతావేంటి?"

"వద్దాంటీ, పాప ఉంది నాతోని."

"పాపనీ తీసుకురా. ఎంతసేపమ్మా, ఒక్క నిమిషం."

రియా నా కుర్తా పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. నేను రాను, ఇక్కడే స్టాండ్ చేస్తాను అంది, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, సైనికుడిలా. నేను ఏమనుకున్నాను అప్పుడు? ఏమీ అనుకోలేదు. దీపాల వేళ బొట్టుకి పిలిస్తే కాదనడం నాకు రాదు, ఎవరూ నేర్పలేదు, చేతకాదు. కాదు, నిజం చెప్పుకోవాలంటే బొట్టు ఒక సాకు. ఆవిడ భుజం వెనక ఎత్తయిన కప్పు నుంచి వేలాడే దీపాల గుత్తి కనబడింది, దాని కింద ఏముందో చూడాలనుంది. "ఇక్కడే ఉండు రియా, కదలకు, ఇప్పుడే వస్తా" అని చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాను. ఆవిడ నా వెనక తలుపు దగ్గరగా వేసింది, గాలికి దేవుడి దగ్గర దీపం కొండెక్కుతుందని.

నున్నటి చెక్క నేల, పాదాలకి చల్లగా. ఇంతేనా అమెరికా ఇల్లంటే, ఇంత ఉంటుందా? చలిమంట కోసం గోడలో కట్టిన గూట్లో మంట లేదు, ఇత్తడి బిందెలు పేర్చారు, పెద్దదాని మీద చిన్నది. మెట్ల కింద అర తీసి దేవుడి గది చేశారు, ఎంత తెలివి. ఆవిడ నాకు కుంకుమ పెట్టింది, మెడకి గంధం రాసింది, ఏ ఊరమ్మా అంది, హన్మకొండ అన్నాను, అయ్యో మావారు అక్కడే చదువుకున్నారు, ఆ రోజుల్లో హాస్టల్లో నీళ్ళుండేవి కావట అంది, ఇప్పుడూ అంతే ఆంటీ అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. తమలపాకులు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను, ఎందుకు వెళ్ళాను, వంటింటి కిటికీలోంచి పెరడు కనబడుతుందేమోనని. కనబడింది. చిక్కుడు పందిరి, ఈ చలిదేశంలో చిక్కుడు పందిరి! ఎలా కాస్తుంది, విత్తనాలు ఎక్కడివి, మంచు పడితే ఏం చేస్తారు, అన్నీ అడిగాను. అన్నీ చెప్పింది. ఆకులు, రెండు అరటిపళ్ళు, జాకెట్టు ముక్క కొంగులో పెట్టించుకోవడానికి చున్నీ పట్టాను. అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు తీశాను. మెట్ల మీద ప్రమిదలున్నాయి. రియా లేదు.

రియా. రియా? గోడ వారగా చూశాను, కారు వెనక చూశాను, కుండీ వెనక, అయిదేళ్ళ పిల్ల పట్టనంత చిన్న కుండీ, దాని వెనక కూడా చూశాను. వీధి నిండా పిల్లలు, వెలిగేవి ఆరేవి, కడియాలు, కత్తులు, బూట్లు, ఎన్ని లైట్లో, పచ్చటిది ఎటు పోయింది, అన్నీ పచ్చగానే ఉన్నాయి. "రియా!" అని అరిస్తే రాకుమారి వేషంలో ఉన్న పిల్ల వెనక్కి తిరిగింది, ఈ ఊళ్ళో ఎంతమంది రియాలు. చెప్పుల్లేవు, కాలికి ఏదో గుచ్చుకుంది, అరటిపండు ఎక్కడో పడిపోయింది. ఒక కారు మెల్లగా మలుపు తిరిగింది, దాని దీపాలు వెళ్ళినంత దూరం నా కళ్ళూ వెళ్ళాయి, రోడ్డు మీద ఏమీ లేదు, ఏమీ లేదు, దేవుడా థాంక్స్, ఏమీ లేదు. ఇందాక ప్రతి ఇంట్లోకీ తొంగిచూడాలని తహతహలాడానే, ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది, ఏ తలుపు వెనక, ఎన్ని తలుపులు, ఒక్కొక్కటీ మూసి ఉంది. ఆంటీ కూడా బయటికి పరిగెత్తుకొచ్చింది, నా మూలంగానేనమ్మా అంటూ, నేనిటు చూస్తాను నువ్వటు చూడు అంటూ. ఫోన్ మోగింది. రష్మి అక్క మెసేజ్. ఎలా జరుగుతోంది, ఒక ఫొటో పెట్టవూ. దానికి ఏమని రాయాలి? ఆవిడ తూచుకుని మరీ ఇచ్చింది, నేను చిక్కుడు పాదు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు ఎదురుగా మంత్రగత్తె వస్తోంది. ఆకుపచ్చ ముఖం, మొనదేలిన నల్లటోపీ, పొడుగు గౌను, పెద్ద పెద్ద అంగలు. ఆమె చేతిలో రియా చెయ్యి ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే ఆ మంత్రగత్తె గుండెకి గుడ్డతో కట్టుకున్న పసిబిడ్డ, నిద్రపోతోంది, గౌను పట్టుకుని వెనక ఇంకో ఇద్దరు పిల్లలు. ఆమె రియా వైపు చూడలేదు, నన్నే తలనుంచి కాలి వరకు చూసింది. "ఆర్ యూ ఓకే?" అంది. నన్ను. మీరు క్షేమమేనా, ఎవరూ ఏమీ చేయలేదు కదా అని. మా ఆంటీని ఒక ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపేశారు, ఇంక బయటికి రావడం లేదని ఈ అమ్మాయి నాతో చెప్పింది, ఇంకో నిమిషం చూసి పోలీసులకి ఫోన్ చేసేదాన్ని అంది ఆ మంత్రగత్తె. "ఈజ్ దిస్ హర్?" అని రియాని అడిగింది. రియా నన్ను బాగా చూసుకుని, అవునని తలూపింది.

నేను మోకాళ్ళ మీద కూలబడి దాన్ని పట్టుకున్నాను. రెక్క ఒకటి వంగిపోయింది. బుగ్గ మీద నల్లరంగులో రెండు తెల్లటి చారలు, ఏడ్చి ఆరిపోయినవి.

"ఎక్కడికి పోయినవే? కదలొద్దని చెప్పిన కదా."

"నువ్వు రాలేదు. డోర్ క్లోజ్ అయింది. నేను హండ్రెడ్ వరకు కౌంట్ చేశా. నువ్వు రాలే. మళ్ళీ హండ్రెడ్ చేశా."

రెండు వందలు. నాకు ఒక్క నిమిషం అనిపించింది.

"మరి నీకు భయం కాలేదా? ఆమె ముఖం చూడు ఎట్లుందో."

"అమ్మ చెప్పింది. హెల్ప్ కావాలంటే కిడ్స్ ఉన్న మామ్‌ని అడగాలి. ఆమెకి బేబీ ఉంది" అంది రియా, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "నువ్వు స్ట్రేంజర్ హౌస్‌లోకి వెళ్ళావ్ కదా. వాళ్ళు నిన్ను ఇంక ఇవ్వరు అనుకున్నా."

"స్ట్రేంజర్ కాదు రియా, తెలుగు ఆంటీ."

"ఆమె నేమ్ ఏంటి?"

నాకు తెలియదు. బొట్టు పెట్టించుకున్నాను, వంటిల్లు చూశాను, పెరడు చూశాను, వాళ్ళాయన హాస్టల్లో నీళ్ళ సంగతి తెలుసుకున్నాను, పేరు అడగలేదు. ఈలోపు ఆవిడ ఆయాసపడుతూ నా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది, పెద్దావిడ నా చెప్పులు మోయడం చూసి సిగ్గుతో చచ్చిపోయాను. "చాముండేశ్వరి అంటారమ్మా నన్ను" అంది, నాతో కాదు, రియాతో. "తప్పు నాది తల్లీ. ఇంకెప్పుడూ ఎవర్నీ ఇలా పిలవను." రియా నా వెనక్కి వచ్చి నిలబడింది.

మంత్రగత్తె పిల్లలతో వెళ్ళిపోయింది, చాముండేశ్వరి గారు దీపాలు ఆరిపోతాయని వెళ్ళింది. పేవ్‌మెంట్ మీద మేమిద్దరం. ఫోన్‌లో ఇంకో మెసేజ్ వచ్చింది, ఫొటో అంటూ. రియా నా ముఖం చూసి, నా కాలిలోంచి కారిన రక్తపు చుక్క చూసి, గొంతు తగ్గించి "నేను అమ్మకి చెప్పను ఆంటీ. ఇట్స్ అవర్ సీక్రెట్" అంది. ఎంత జాలిగా అందో. ఎంత తేలిక. బుగ్గ తుడిచి, రెక్క సరిచేసి, నవ్వు రియా అని ఒక ఫొటో తీసి పంపితే అయిపోతుంది. చెబితే ఇంక ఎప్పుడూ పంపదు, నమ్మదు, మెట్ల మీద ఎదురైతే నవ్వుతుంది గానీ అడగదు, మళ్ళీ నేనూ ఫ్రిజ్ చప్పుడూ. నాకు చెప్పాలని లేదు. ఎంతమాత్రం లేదు. కానీ పెద్దవాళ్ళు తప్పు చేస్తే పిల్లలు దాచాలని ఈ పిల్ల ఇవాళ నా దగ్గర నేర్చుకుంటే, రేపు ఇంకెవరి తప్పు దాస్తుంది? గేటు బయట నిలబడి ఏం లేదు, మీరు పొండి అంటుందా?

"సీక్రెట్ కాదు రియా. పెద్దోళ్ళు ఎవరైనా సీక్రెట్ అంటే ముందు అమ్మకే చెప్పాలి. నేనన్నా సరే" అని ఫోన్ చేశాను.

"అక్కా, రియా నా పక్కనే ఉంది, మంచిగుంది, ముందు అది విను" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. తాంబూలం, చిక్కుడు పాదు, రెండు వందల అంకెలు, ఏదీ మినహాయించలేదు. అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. రష్మి అక్క తిట్టలేదు, తిడితే బాగుండును. "రియాకివ్వు" అంది.

రియా రెండు చేతులతో ఫోన్ పట్టుకుని వింది. "ఊఁ... ఊఁ... నో, ఐ వాజ్ నాట్ క్రయింగ్... కొంచెం... ఓకే... ఓకే అమ్మా." ఫోన్ నాకిచ్చేసరికి అది కట్ అయిపోయి ఉంది.

"ఏమంది?"

"నీతో ఇంటికి వచ్చాక మాట్లాడుతుందంట."

"ఇంకా?"

"నీ హ్యాండ్ నన్ను పట్టుకోమంది. ఇల్లు వచ్చేవరకు వదలొద్దంది."

చెమట పట్టిన వేళ్ళతో నా రెండు వేళ్ళు బిగించి పట్టుకుంది. రోడ్డు అంచున నన్ను ఆపి, ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, మళ్ళీ ఎడమవైపు చూసింది. "నౌ" అంది. నేను అడుగు వేశాను.